ఎదుగుదల లోపమున్న పిల్లలు: పథ్యమెంత, వ్యాయామమెంత?

మన సంఘపు కుటుంబములలో మాటలు ఆలస్యమైన బిడ్డలు, నడక కుదురుకొనని బిడ్డలు, పిలిచినను తిరిగి చూడని బిడ్డలు, తోడివారితోపాటు చదువు పట్టుబడని బిడ్డలు ఉన్న ఇండ్లు కొన్ని కలవు. పూర్వము అట్టి బిడ్డను గూర్చి దగ్గర బంధువులతోనైనను చెప్పుకొనుటకు పెద్దలు వెనుదీయుచుండెడివారు. ఇప్పుడా సంకోచము కొంత తగ్గినది. తల్లిదండ్రులు బిడ్డను వెంటబెట్టుకొని బెంగుళూరికి, చెన్నపట్నమునకు పోయి వైద్యులను చూచుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పు. అయితే దీనితోపాటు మరియొక పోకడ కూడ మన ఇండ్లలో ప్రవేశించినది. పథ్యముతోను వ్యాయామముతోను బిడ్డను పూర్తిగా మార్చివేయవచ్చునను నమ్మకము బలపడినది. ఆ నమ్మకముతో పాలు మాన్పించుట, గోధుమ మాన్పించుట, ఖరీదైన పిండ్లు తెప్పించుట, దినమునకు గంటల తరబడి బిడ్డ కాలుసేతులను పట్టి ఆడించుట సాగుచున్నవి.

నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, హోసూరు ప్రాంతమున దినుసుల వర్తకము చేయుచున్నవాడను. అయినను ఈ విషయమున వ్రాయుటకు కారణమున్నది. ఇంటిలో పథ్యము మొదలైన మరునాడే ఆ సంగతి దినుసుల అంగడికి తెలియును. చేతిఫోనులో ఎవరో చూపిన వీడియోను చూచి వ్రాసుకొన్న చీటీ పట్టుకొని తల్లులు వచ్చుచుందురు. గోధుమ లేని పిండి కావలెను, పాలు తగలని బిస్కత్తు కావలెను, బాదముపాలు కావలెనని అడుగుదురు. వాని ధర మామూలు సరకు ధరకు మూడు నాలుగు రెట్లుండును. అమ్మినచో నాకే లాభము. ఆ లాభము నాకు రుచింపక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. వ్రాయుటకు ముందు ఈ విషయమున నిష్ణాతులు ప్రకటించినదానిని చదివి, తెలిసినవారిని అడిగి తెలిసికొంటిని.

నా అభిప్రాయమును ముందే చెప్పెదను. ఆహారమే మందుగా పనిచేయు లోపములు కొన్ని నిజముగా కలవు. అవి ఏవో పరీక్షలోనే తేలవలెను. తక్కిన పిల్లల విషయమున పథ్యము పేరిట తిండి తగ్గించుట హానికరము. వ్యాయామము పిల్లలందరికిని మేలుచేయును. అయితే అది బిడ్డ తానై చేయు ఆటగానో పనిగానో ఉండవలెను. ఈ తారతమ్యము తెలియక ఒక్కొక్క తల్లి ఒంటరిగా మోయుచున్న భారమును సంఘము పంచుకొనవలెను.

ఆహారమే మందైన చోట్లు

పథ్యముపై తల్లిదండ్రుల నమ్మకము పుక్కిటిపురాణమని కొట్టివేయుటకు వీలులేదు. 1934లో నార్వే దేశమున ఇద్దరు బిడ్డల తల్లి యొకతె, తన బిడ్డల బుద్ధి ఏల ఎదుగకున్నదని వైద్యుల చుట్టు ఏండ్ల తరబడి తిరిగెను. బిడ్డలనుండి ఏదో వింతవాసన వచ్చుచున్నదని ఆమె చెప్పినను వినినవారు లేరు. తుదకు అస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు ఆమె మాటను మన్నించి, బిడ్డల మూత్రమును పరీక్షించెను. ఫెర్రిక్ క్లోరైడు కలుపగా అది ఆకుపచ్చగా మారెను. పాలు, పప్పు, మాంసము మొదలగువాని మాంసకృత్తులలో నుండు ఫినైల్ అలనీను అను పదార్థము ఆ బిడ్డల శరీరములలో జీర్ణము కాక పేరుకొని మెదడును చెరచుచున్నదని క్రమముగా తేలినది. ఆ వ్యాధికి ఫినైల్ కీటోన్యూరియా అని పేరు.

అటు తరువాత ఇంగ్లండులోని బర్మింగుహాములో మరియొక తల్లి, తన కుమార్తెకు మందు కనిపెట్టుడని వైద్యుల వెంటబడెను. హార్స్ట్ బికెల్ అను వైద్యుడును ఆయన సహచరులును ఆ పదార్థము మిక్కిలి తగ్గించిన ప్రత్యేకాహారమును సిద్ధపరచి ఆ బిడ్డకిచ్చిరి. బిడ్డ తేరుకొని ప్రాకుట, నిలుచుట మొదలుపెట్టెను. ఇది ఆహారము వలననేనా, మన ఆశవలన అట్లు తోచుచున్నదా యని తెలిసికొనుటకు వారు ఆ పదార్థమును తల్లికి చెప్పకుండ మరల ఆహారములో కలిపిరి. బిడ్డ పరిస్థితి వెంటనే దిగజారినది. అప్పుడు గాని వారు పథ్యము పనిచేసెనని 1953లో లోకమునకు ప్రకటింపలేదు. 1960 ప్రాంతములలో రాబర్ట్ గత్రీ అను అమెరికా వైద్యుడు, పుట్టిన బిడ్డ మడమనుండి తీసిన రక్తపుచుక్కతో ఈ వ్యాధిని పట్టుకొను పరీక్షను కనిపెట్టెను. పుట్టిన కొద్దిదినములకే పట్టుకొని పథ్యము పెట్టినచో బిడ్డ తక్కిన పిల్లలవలెనే ఎదుగును. తల్లి పట్టుదల, వైద్యుని పరీక్ష రెండును కలిసినచోట ఫలితమెట్లుండునో ఈ చరిత్ర చెప్పుచున్నది.

మన దేశమునకు, మన భాషవారికి చెందిన ఉదాహరణము మరియొకటి కలదు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్నపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయముల దిగువనున్న కాంగ్రా లోయలో ఉప్పును గూర్చి పరిశోధన మొదలిడెను. అచటి నేలలో అయొడీను తక్కువ. అందువలన ప్రజలకు గొంతు వాపును, అట్టి ప్రాంతములలో పుట్టు బిడ్డలకు బుద్ధిమాంద్యము, చెవుడు, మరుగుజ్జుతనము కలుగుచుండెను. కొన్ని గ్రామములకు అయొడీను కలిపిన ఉప్పును, కొన్నింటికి మామూలు ఉప్పును పంచి చూచిరి. అయొడీనుప్పు తిన్నచోట కొన్ని యేండ్లలోనే గొంతు వాపు గణనీయముగా తగ్గినది. 1962లో భారత ప్రభుత్వము జాతీయ గాయిటరు నివారణ కార్యక్రమమును ప్రారంభించుటకు ఇటువంటి పరిశోధనయే ఆధారమైనది. చిటికెడు ఉప్పు లక్షలాది బిడ్డల మెదడును కాపాడినదన్నచో అతిశయోక్తి కాదు.

మూడవది మన శాకాహార కుటుంబములు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది. విటమిను బి12 ధాన్యములలోగాని, పప్పులలోగాని, కూరగాయలలోగాని లేదు. శాకాహారులకు అది ముఖ్యముగా పాలు, పెరుగు మూలమున అందవలెను. పాలు సరిగా త్రాగని తల్లికి ఆ విటమిను తక్కువైనచో ఆమె చనుబాలలోను తక్కువగును. అట్టి బిడ్డ ఆరేడు నెలలవరకు బాగుగనే యుండి, ఆపైన నవ్వు మరచును, మెడ వాల్చును, నేర్చినవి పోగొట్టుకొనును, కొందరికి ఒడలు వణకును. మన దేశపు వైద్యులు దీనిని 1950 ప్రాంతములనుండి గుర్తించి వర్ణించుచున్నారు. వేళకు కనిపెట్టినచో బి12 ఇచ్చి చాలమందిని తేర్పవచ్చును. ఆలస్యమైనచో మెదడునకు కలిగిన నష్టము పూర్తిగా తీరకపోవచ్చును.

ఈ మూడింటిలోను ఒక సామాన్యధర్మమున్నది. ఏ పదార్థము ఎక్కువైనదో, ఏది తక్కువైనదో ముందుగా పరీక్షలో తెలిసినది; దానికి తగినట్లు ఆహారము మార్చిరి; మార్చిన పిమ్మట ఫలితమును కొలిచి చూచిరి. పుట్టుకతో థైరాయిడు గ్రంథి పనిచేయని బిడ్డలు కూడ మన దేశమున సుమారు వేయి మందికొక్కరుందురు. వారికి పథ్యము చాలదు, మాత్ర కావలెను. పుట్టిన రెండు వారములలో మొదలిడినచో బుద్ధి చక్కగా వికసించును. కావున బిడ్డ పుట్టగనే ఈ పరీక్షలను చేయించుడని ఆసుపత్రిలో అడుగుట ప్రతి కుటుంబపు బాధ్యత. దీనికగు వ్యయము, తరువాత ఏండ్ల తరబడి కొనెడి పిండ్ల ఖరీదులో ఏపాటిది?

పాలు, గోధుమ మాన్పించుట

ఇక ఆటిజము గల పిల్లలకు పాలలోని కేసీనును, గోధుమలోని గ్లూటెనును మాన్పింపవలెనను వాదమును చూతము. ఇది పాశ్చాత్యదేశములలో పుట్టి మనవరకు వచ్చినది. ఈ పథ్యమును గూర్చి అంతవరకు జరిగిన పరీక్షలను 2008లో సమీక్షించినవారు, దీనిని అనుసరింపుడని చెప్పుటకు ఆధారము చాలదనిరి. 2016లో అమెరికాలో ప్రకటితమైన పరీక్ష యొకటి మరింత జాగ్రత్తగా జరిగినది. 3 ఏండ్లు మొదలుకొని 5 ఏండ్ల వయసుగల 14 మంది పిల్లలకు ముందు కొన్ని వారములు పాలు, గోధుమ పూర్తిగా మాన్పించిరి. పిమ్మట చిరుతిండిలో గోధుమగాని, పాలపొడిగాని, రెండునుగాని, ఏదియు లేకుండగాని పెట్టిరి. ఏ దినమున ఏది పెట్టిరో తల్లిదండ్రులకును తెలియదు, పరిశీలించువారికిని తెలియదు. ప్రవర్తనలోగాని, నిద్రలోగాని, మలవిసర్జనలోగాని భేదము కనబడలేదు. పిల్లల సంఖ్య చిన్నదే. కాని పథ్యము వలన అద్భుతము జరుగునను మాట నిజమైనచో ఆ పదునలుగురిలోనైనను అది కనబడి యుండవలెను.

దీనికి మన కంటియెదుటనే సాక్ష్యమున్నది. హోసూరు, కృష్ణగిరి, కోలారు ప్రాంతముల మన కుటుంబములు తరతరములుగా రాగిసంగటి తినుచున్నవి. రాగిలో గ్లూటెను లేదు; వరి, జొన్న, కొఱ్ఱలలోను లేదు. గోధుమ మన వంటయింటికి నిన్నమొన్న వచ్చిన చుట్టము. గోధుమయే ఈ లోపమునకు మూలమైనచో సంగటి తిను ఇండ్లలో ఇట్టి బిడ్డలు ఉండరాదు. కాని ఆ ఇండ్లలోను ఉన్నారు, చపాతీ తిను ఇండ్లలోను ఉన్నారు.

పోనీ, పనిచేయకున్నను హాని లేదు గదా యని కొందరందురు. హాని లేకపోలేదు. పాలు లేని పథ్యము తిను ఆటిజము గల బాలుర ఎముకలు మరింత పలుచబడి యున్నవని 2008లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. మన శాకాహార గృహములలో పాలు మాన్పించుటయన, ఇంతకుముందు చెప్పిన బి12కు ఉన్న ఒక్క ద్వారమును కూడ మూసివేయుటయే. రాగిలో సున్నము 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా ఉన్నమాట నిజమే. అది ఆవుపాలలో ఉన్నదానికి రెండింతలకు మించినది. అయినను రాగిలోని సున్నమంతయు ఒంటికి పట్టదు, బి12 అందులో అసలే లేదు. అదిగాక ఆటిజము గల పిల్లలలో చాలమంది తామై తిను వస్తువులు నాలుగైదే యుండును. ఆ నాలుగైదింటిలో రెంటిని మనము తీసివేసినచో బిడ్డకు మిగులునదేమి?

నిజముగనే గోధుమ సరిపడని సీలియాక్ వ్యాధి, పాలు సరిపడని ఎలర్జీ కొందరు పిల్లలకుండును. విడువని విరేచనములు, కడుపు ఉబ్బరము, ఎదుగని బరువు కనబడినచో వైద్యునికి చూపవలెను. అయితే సీలియాక్ రక్తపరీక్షను గోధుమ తినుచుండగనే చేయింపవలెను. మాన్పించిన తరువాత చేయించినచో ఉన్న వ్యాధి కూడ లేనట్లు కనబడవచ్చును. ఈ చిన్న సంగతి తెలియక, ముందు పథ్యము పెట్టి తరువాత పరీక్షకు పోవువారున్నారు. మూర్ఛలు తగ్గుటకు నూనె, నెయ్యి హెచ్చుగా పెట్టు కీటోజెనిక్ ఆహారమను చికిత్సయు 1921నుండి వైద్యులలో వాడుకలో నున్నది. అది ఆసుపత్రి పర్యవేక్షణలో తూకము ప్రకారము జరుగవలసినది. ఇంటిలో స్వంతముగా ప్రయోగింపదగినది కాదు.

మరి తల్లి చేయదగినదేమి? వేళకు తిండి పెట్టవలెను. బిడ్డకు ఇష్టమైన వస్తువు ప్రక్కన క్రొత్త వస్తువును పిసరంత పెట్టి, తినుమని బలవంతము చేయక, పది పదునైదు దినములు ఓపికతో చూడవలెను. కాలుసేతులు బిగిసిన బిడ్డను పండబెట్టి తినిపింపరాదు. మెడ నిలిపి, కూర్చుండబెట్టి, మెత్తగా మెదిపిన సంగటిని, పప్పుబువ్వను కొద్దికొద్దిగా పెట్టవలెను. మలబద్ధమున్న బిడ్డకు నీరు, ఆకుకూర, పండు హెచ్చింపవలెను. కడుపునొప్పి చెప్పలేని బిడ్డ ఆ బాధను కోపముగా చూపును. నెలకొకసారి బరువు చూచి వ్రాసిపెట్టుకొనవలెను. ఏ పథ్యములోనున్నను బరువు తగ్గుచున్నచో ఆ పథ్యము ఆ బిడ్డకు తగదు.

వ్యాయామము

వ్యాయామము విషయమున నేను పూర్తిగా తల్లిదండ్రుల పక్షమువాడను. 5 ఏండ్లు మొదలుకొని 17 ఏండ్ల వరకుగల పిల్లలకు, వైకల్యమున్నవారికి కూడ, సగటున దినమునకు 60 నిమిషములు చెమటపట్టు ఆటయో నడకయో ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. మన ఇండ్లలో ఇట్టి బిడ్డలను పడిపోవుదురని, తప్పిపోవుదురని, నలుగురు చూతురని గదిలో ఉంచుటయే అలవాటు. కదలిక లేని బిడ్డకు ఆకలి ఉండదు, నిద్ర పట్టదు, ఒళ్లు పెరుగును. ఆపైన కోపము పెరిగినదని మనమే వాపోవుదుము.

తల్లిదండ్రులు చేయించు వ్యాయామమునకు ఫలితముండునని చూపిన పరీక్షలున్నవి. డౌన్ సిండ్రోము గల శిశువులు నడక ఆలస్యముగా నేర్తురు. 2001లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధనలో, అట్టి శిశువులను తల్లిదండ్రులు తమ ఇంటిలోనే కదులు పట్టీగల చిన్న యంత్రముపై పట్టుకొని, దినమునకు 8 నిమిషములు, వారమునకు 5 దినములు అడుగులు వేయించిరి. ఆ బిడ్డలు తక్కినవారికన్న 101 దినములు ముందుగా స్వయముగా నడచిరి. దినమునకు 8 నిమిషములే యని గమనింపుడు.

దీనికి ఎదురుగా మరియొక కథ కలదు. 1950 తరువాత అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక వ్యాయామపద్ధతి బయలుదేరినది. బిడ్డను బల్లపై పండబెట్టి, ఒకరు తలను, నలుగురు కాలుసేతులను పట్టుకొని, ప్రాకుచున్నట్లుగా ఆడింపవలెను; దినమునకు పలుమారులు, వారమునకు ఏడు దినములు. అట్లు చేసినచో చెడిన మెదడు సరియగుననిరి. ఎన్నియో కుటుంబములు ఉద్యోగములు, నిద్రాహారములు మాని దీనిని సాగించినవి. ఈ పద్ధతికి శాస్త్రాధారము లేదని అమెరికా శిశువైద్యుల సంఘము 1982లోను, మరల 1999లోను ప్రకటించినది. కుటుంబములపై మోయలేని బరువు పెట్టుచున్నదనియు హెచ్చరించినది. పేరు మార్చుకొని ఇటువంటి పద్ధతులు నేటికిని మన పట్టణములకు వచ్చుచున్నవి.

ఈ రెంటికి భేదమేమి? మొదటిదానిలో అడుగు వేసినది బిడ్డ. రెండవదానిలో బిడ్డ కదలలేదు, పెద్దలు కదల్చిరి. సెరిబ్రల్ పాల్సీ గల పిల్లల చికిత్సలను గూర్చి ఆస్ట్రేలియా పరిశోధకులు 2020లో ప్రకటించిన సమీక్ష కూడ ఇదే చెప్పుచున్నది. బిడ్డ తానై ఒక పనిని సాధింపదలచి మరల మరల అభ్యసించుట ఫలించును. ఇతరులు పట్టి ఆడించుట, చాచుట వలన ఆ ఫలితము రాదు. మన ఇండ్లలో ఇట్టి అభ్యాసమునకు ఉపకరణములు కొననక్కరలేదు. సంగటి ముద్ద చేయుట, చపాతీపిండి పిసుకుట, అనపకాయలు ఒలుచుట, శనగలు ఏరి డబ్బాలో వేయుట, చెంబుతో మొక్కలకు నీరు పోయుట, మెట్లు ఎక్కి దిగుట, గుడిచుట్టు ప్రదక్షిణము చేయుట, తొక్కుడుబిళ్ల ఆడుట — ఇవన్నియు వ్యాయామములే. బిడ్డ దేనికి నవ్వునో దానితో మొదలిడి, అలసిపోకముందే ఆపి, మరునాడు మరల చేయించుట మంచిది.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. డౌన్ సిండ్రోము గల బిడ్డల మెడ ఎముకలు కొందరిలో వదులుగా ఉండును. పిల్లిమొగ్గలు, తలక్రిందులు చేయు ఆసనములు వైద్యుని అడుగకుండ చేయింపరాదు. మూర్ఛలున్న బిడ్డను నీటిలోనికి ఒంటరిగా దింపరాదు. ఏ బిడ్డకు ఏ అభ్యాసము తగునో ఒకసారి శిక్షితులచే చూపించుకొని, ఇంటిలో సాగించుట ఉత్తమము.

ఇంటి భాషను మాన్పింపకుడు

పథ్యము వంటి మరియొక నిషేధము మనవంటి భాషా అల్పసంఖ్యాకుల ఇండ్లకు ప్రత్యేకముగా వచ్చి పడుచున్నది. బిడ్డకు మాటలు రాలేదని చెప్పగనే, ఇంటిలో తెలుగు మాని బడిభాష ఒక్కటే మాట్లాడుడని సలహా ఇచ్చువారున్నారు. పాలు మాన్పించినట్లే దీనిని కూడ తల్లులు శిరసావహించుచున్నారు. ఫలితముగా తాతమ్మలు, నాయనమ్మలు బిడ్డతో మాట్లాడుటకే భయపడుచున్నారు. తల్లి తనకు సరిగా రాని భాషలో నాలుగు పొడిమాటలు చెప్పి ఊరకుండుచున్నది. కెనడాలో 2005లో డౌన్ సిండ్రోము గల పిల్లలను, 2012లో ఆటిజము గల పిల్లలను పరిశీలించినవారు, రెండు భాషలు వినుట వలన వారికి అదనముగా ఆలస్యము కలుగలేదని కనుగొనిరి. పైన చెప్పిన అనపకాయలు ఒలుచు ఆట, ప్రదక్షిణము, ముద్ద పెట్టుట ఇవన్నియు మాటలతోనే సాగును. ఆ మాటలు తల్లికి సహజమైన భాషలో ఉండుట బిడ్డకు బలము. బడిలో తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీ నేర్చుకొననిండు. ఇంటిలో తెలుగును మాన్పింపకుడు.

వర్తకుల బాధ్యత

తోడి వర్తకులకు కూడ ఒక మనవి. ఏ పిండియైనను, పొడియైనను ఆటిజమును తగ్గించునని, బుద్ధిని పెంచునని చెప్పి అమ్ముట ధర్మము కాదు, చట్టసమ్మతమును కాదు. ఆహారవస్తువు వ్యాధిని నయము చేయునని ప్రకటించుటను 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద 2018లో వచ్చిన నిబంధనలు నిషేధించుచున్నవి. మనము చేయదగిన మేలు వేరే ఉన్నది. నేరుగా తినుటకు అమ్ము ఉప్పులో అయొడీను వినియోగదారుని చేరునప్పటికి పదిలక్షలకు 15 పాళ్లు ఉండవలెను. దానిని ఎండకు, తేమకు గురిచేయక నిలువ చేయుదము. సైంధవలవణము ఆరోగ్యమని అయొడీనుప్పును పూర్తిగా విడుచుచున్న గర్భవతులున్న ఇండ్లకు ఈ సంగతి చెప్పుదము. పసుపునకు రంగు తెచ్చుటకు లెడ్ క్రోమేటు కలుపుట బంగ్లాదేశమున 2019లో బయటపడినది. సీసము పిల్లల మెదడునకు విషము. అచటి అధికారులు గట్టిగా పట్టుకొనగా రెండేండ్లలోనే ఆ కల్తీ ఢాకా అంగళ్లలో కనబడకుండ పోయినది. రంగు చూచి కాక, నమ్మకస్థులయొద్ద కొమ్ములు కొని విసరించి అమ్ముట మనకు గౌరవము, పిల్లలకు క్షేమము.

సంఘము చేయవలసినది

ఇట్టి బిడ్డల కొరకు ఏర్పాట్లు లేకపోలేదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లలను 18 ఏండ్ల వరకు ఉచితముగా పరీక్షించుటయు, జిల్లా స్థాయిలో శీఘ్ర చికిత్సా కేంద్రములును కలవు. బెంగుళూరులో నిమ్హాన్స్, మైసూరులో వాక్శ్రవణ సంస్థ, చెన్నపట్నము చెంత ముట్టుకాడులో బహుళ వైకల్యముల జాతీయ సంస్థ ఉన్నవి. సికింద్రాబాదులో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ తెలుగు కుటుంబములతోనే నిత్యము పనిచేయుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 40 శాతమునకు తగ్గని వైకల్యమున్న బిడ్డకు 6 ఏండ్లనుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా నిచ్చినది. జాతీయ ట్రస్టు వారి నిరామయ పథకము క్రింద ఏటా లక్ష రూపాయల వరకు వైద్యవ్యయమునకు బీమా కలదు. ఇన్ని యున్నను మనవారికి తెలిసినది చేతిఫోను వీడియో ఒక్కటే యగుట మన సంఘమునకు శోభ కాదు.

కావున మూడు పనులు సంఘము ముందు పెట్టుచున్నాను. మొదటిది, వారమునకొక ఉదయము మన సంఘభవనపు ఆవరణమును ఈ బిడ్డల ఆటకు తెరచియుంచుట. యువకులు ఇరువురు ముగ్గురు వంతులవారీగా వచ్చి ఆడించినచో తల్లులకు ఆ రెండు గంటలైనను ఊపిరి సలుపును. రెండవది, వైద్యులు, శిక్షకులు ఇచ్చు సూచనలను ఇంటిలోని పెద్దవారికి తెలియునట్లు తెలుగులో వ్రాసియు, చదివి వినిపించియు అందించుట. కన్నడములోనో ఆంగ్లములోనో వచ్చిన కాగితము బిడ్డను పగలంతయు చూచుకొను నాయనమ్మకు ఉపయోగపడదు. మూడవది, పెండ్లికిగాని, పండుగకుగాని పిలుచునప్పుడు ఆ బిడ్డను కూడ తీసికొనిరండని నోటితో చెప్పి పిలుచుట. బిడ్డ పంక్తిలో అరచినచో ఒక పెద్దమనిషి లేచిపోయి చేయి పట్టి నడిపించుకొనిరావచ్చును. తల్లిని తలవంచుకొనునట్లు చూడకుండుట మనకు కష్టమైన పని కాదు.

చీటీ పట్టుకొని అంగడికి వచ్చు తల్లుల కన్నులలో నాకు కనబడునది మూఢత్వము కాదు. ఏదియో ఒకటి చేయకుండ కూర్చుండలేని ప్రేమ అది. నార్వేలోని తల్లిని వైద్యుల గడపలు త్రొక్కించినదియు ఆ ప్రేమయే. దానిని ఎగతాళి చేయువారు పాపము కట్టుకొందురు. దానిని అమ్ముకొనువారు ఇంకను పాపము కట్టుకొందురు. ఆ ప్రేమకు సరియైన దారి చూపవలెనన్నచో ముందు పరీక్ష, పిదప నిండైన తిండి, దినమునకు ఒక గంట ఆట, ఇంటి భాషలో మాటలు, చుట్టు నలుగురు మనుష్యులు కావలెను. మొదటి నాలుగును తల్లిదండ్రులు చూచుకొందురు. అయిదవది మనము ఇవ్వవలసినది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మూడు సూచనలను చర్చకు తీసికొనవలెనని కార్యవర్గమును సవినయముగా కోరుచున్నాను.